ఏడుగురిలో ఒకరు

కాలు సరిగా సాగని పిల్లవాడు ఆటస్థలంలో కనిపిస్తే మన నోట ముందొచ్చే మాట “అయ్యో పాపం!” ఆ వెనకే “నువ్వు కూర్చో నాన్నా, అలిసిపోతావు” అంటాం. రెండూ ప్రేమతో అన్నవే. కాని ఆ రెండో మాట ప్రేమేనా అని నాకు అనుమానం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళు ఆడే ఫుట్‌బాల్ సంగతే చూడండి. పసితనంలోనో, అంతకుముందో మెదడుకి తగిలిన దెబ్బవల్ల కండరాలు బిగుసుకుపోతాయి, లేదా నడక తూలుతుంది. అయినా ఆడతారు. జట్టుకి ఏడుగురు. 1984 నుంచి 2016 దాకా పారాలింపిక్స్‌లో ఈ ఆట ఉండేది. రియోలో జరిగిన ఆఖరి పోటీలో ఉక్రెయిన్ 2-1తో ఇరాన్‌ని గెలిచింది. ఆ తరవాత టోక్యోలో తీసేశారు గాని, ప్రపంచ పోటీలు ఆగలేదు. 2022లో స్పెయిన్‌లో ఆడపిల్లలకీ మొదటి ప్రపంచ కప్పు జరిగింది సుమండీ!

వీళ్ళకిచ్చిన వెసులుబాట్లు ముచ్చటగా ఉంటాయి. మైదానం చిన్నది, గోలూ చిన్నదే. ఆఫ్‌సైడ్ లేదు. గీత దాటిన బంతిని రెండు చేతులా ఎత్తి విసరలేకపోతే ఒక చేత్తో దొర్లించవచ్చు. చెయ్యి లేవదు కనుక ఆ సాయం. అంతే. మగవాళ్ళ పోటీలో ముప్ఫయ్యేసి నిమిషాలు రెండుసార్లు పరిగెత్తవలసిందే. అదే దూరం పరిగెత్తడానికి వీళ్ళ ఒంటికి మనకన్నా ఎక్కువ శక్తి కావాలి. మరి సాధనలో తగ్గించమంటారా? బలం పెంచే వ్యాయామాలు చేస్తే బిగుతు ఇంకా పెరుగుతుందని ఒకప్పుడు వైద్యులే భయపడ్డారు. అది నిజం కాదని తరవాత తేలింది. వద్దు వద్దంటూ కూర్చోబెట్టిన ఏళ్ళల్లో ఎందరి కాళ్ళు ఇంకా బలహీనపడ్డాయో!

నన్ను ఆలోచనలో పడేసింది మరో నియమం. 2018 నుంచి ఆటగాళ్ళని మూడు తరగతులు చేశారు. ఇబ్బంది ఎక్కువున్న మొదటి తరగతివాడు ఒకడైనా ఎప్పుడూ మైదానంలో ఉండాలి. ఇబ్బంది తక్కువున్న మూడో తరగతివాడు ఒకడికి మించి ఉండకూడదు. లేకపోతే జట్లన్నీ చురుకైనవాళ్ళతోనే నిండిపోవూ?

బాగానే ఉంది. కాని ఆ ఒక్కణ్ణీ గోల్ దగ్గరో, ఓ మూలనో నిలబెట్టి “నియమం తీరింది” అనుకుంటేనో? పెళ్ళిలో పెద్దత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, తాంబూలం చేతికిచ్చి, ఇంక ఎవరూ పలకరించనట్టు! ఆటలోకి రానిచ్చారు గాని ఆటలో కలుపుకోలేదు. దాన్ని ఏ రిఫరీ ఈల వేసి ఆపుతాడు?

ఆ బాధ్యత తోటివాళ్ళదీ, నేర్పేవాడిదీను. కుడిపక్క బిగుసుకున్నవాడికి బంతి ఎడమకాలికి అందించాలి. అతను తిరిగి నిలదొక్కుకునే క్షణం తెలిసి, ఆ లెక్కకి సరిపడా వేగంతో కొట్టాలి. అతనూ బంతి కోసం పరిగెత్తాలి, జారిపోతే అందరితోపాటు చీవాట్లూ తినాలి. ఇదంతా పోటీనాడు పుట్టుకొచ్చేది కాదు. రోజూ సాయంత్రం అందరూ చెమటలు కక్కేటప్పుడు, అతన్ని మాత్రం “నువ్వు కూర్చో నాన్నా” అనకుండా ఉంటే వచ్చేది.