లెక్క దాచని అహింస

వర్తకుని చేతికి వచ్చు సరకులలో పేరు వినగానే మనస్సు వెనుకాడునవి కొన్ని ఉండును. "మానవుని ఎముకలోను కండరములోను ఉండు ప్రోటీను, పరిశోధనకు మాత్రమే" అను చీటీ గల చిన్న సీసా అట్టిది. బరంపురములో 1962లో వైద్య కళాశాల ఏర్పడినది. 2016లో ఐసర్ అను కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ వచ్చినది. ఇట్టి సంస్థలకు మందులు, రసాయనములు, గాజు సామాను సరఫరా చేయు వ్యాపారమును మన యువకులు చేపట్టినచో ఇటువంటి సీసా ఎన్నడో ఒకనాడు వారి బిల్లులోనికి ఎక్కును. అహింసాణువ్రతము పట్టిన గృహస్థు దానిని అమ్మవచ్చునా?

ముందుగా పేరు సంగతి చూతము. ప్రోటీనును మన తెలుగువారు మాంసకృత్తు అన్నారు. ఆ మాటలో మాంసమున్నది గాని, మన వంటింటి కందిపప్పులో ఉన్నదియు మాంసకృత్తే. అట్లే 'మానవ' అను విశేషణమును చూచి, మనిషి దేహమును కోసి తీసినదని భయపడనక్కరలేదు. 2003లో శాస్త్రజ్ఞులు ఎముకలో ఒక ప్రోటీనును కనుగొని ఆస్టియోక్రిన్ అని పేరు పెట్టినారు. దానినే 2004లో జపాను శాస్త్రజ్ఞులు కండరములో కనుగొని మస్క్లిన్ అన్నారు. ఇటువంటి పదార్థమును ఎట్లు తయారు చేయవలెనో తెలుపు సూచన మన కణములలో జన్యువు రూపమున ఉన్నది. ఆ జన్యువునకు ఒక ప్రతిని సిద్ధము చేసి బాక్టీరియా అను సూక్ష్మజీవిలో చేర్చుదురు. ఆ జీవిని పాత్రలో పెంచినచో అది తన పనితోపాటు ఈ పదార్థమును కూడ తయారు చేయును. పిమ్మట ఆ కణములను పగులగొట్టి, కావలసిన దానిని వేరుచేసి, శుద్ధిచేసి, పొడిగా ఎండించి సీసాలలో నింపుదురు.

దీనికి పూర్వము జరిగినదేమి? ఎముకను పెంచు శక్తి ఎముకలోనే ఉన్నదని 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అను వైద్యుడు ప్రకటించినాడు. ఆ శక్తి గల పదార్థమును వేరుచేయుటకు కిలోలకొద్ది పశువుల ఎముకలను పొడిచేయవలసి వచ్చెను. వచ్చినది గ్రాములో వేయవ వంతుకన్న తక్కువ! 1988లో దాని జన్యువులు దొరికిన తరువాతనే ఆ అవసరము తగ్గినది. మధుమేహ రోగులకు ప్రాణాధారమైన ఇన్సులిన్ కథయు ఇట్టిదే. ఒకప్పుడు ఎనిమిది ఔన్సుల ఇన్సులిన్ కొరకు రెండు టన్నుల పంది అవయవములు పట్టెడివి. 1982లో బాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది. మన హైదరాబాదులోనే వరప్రసాద్ రెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్టు కణములలో కామెర్ల వ్యాధి టీకాను తయారుచేసి వెలువరించినది. 'హెపటైటిస్ బి' అను ఆ వ్యాధికి మొదటి టీకాలను, రోగము సోకినవారి రక్తమునుండి తీసెడివారు.

కాని సూక్ష్మజీవులు కోట్ల సంఖ్యలో నశించుట లేదా అని ఒకరు ప్రశ్నింపవచ్చును. నశించును. ఆ మాటను కప్పిపుచ్చరాదు. అయితే మన పెద్దలు జీవులను తలలు లెక్కించినట్లు లెక్కించి ఊరకుండలేదు. ఏకేంద్రియము మొదలు పంచేంద్రియము వరకు వరుస నేర్పరచినారు. సాధువు సమస్త జీవహింసను విడిచిపెట్టును. గృహస్థు కదలాడు జీవులను బుద్ధిపూర్వకముగా చంపనని వ్రతము పట్టి, తక్కిన వాటి యెడల జాగ్రత్త వహించును. నీరు కాచినను, పొయ్యి వెలిగించినను ఈ భేదము ననుసరించియే మన సంసారము సాగుచున్నది. భయమును, బాధను అనుభవించు పశువునకు బదులు సూక్ష్మజీవి వలన పని జరిగినచో హింస తగ్గినదనుట న్యాయమే. తగ్గినది గాని తీరిపోలేదు.

ఏలననగా, సీసా వెనుక సీసాలున్నవి. ఆ బాక్టీరియాకు పెట్టిన మేత పాల ప్రోటీనుతో చేసినదా, మాంససారముతో చేసినదా? కొన్ని ప్రోటీనులను బాక్టీరియాలో గాక, 1957లో ఒక చిట్టెలుక అండాశయమునుండి తీసి నేటికిని పెంచుచున్న కణములలో తయారు చేయుదురు. అట్టి కణములకు కొన్నిచోట్ల దూడ పిండపు రక్తరసము పోయుదురు. కబేళాలో చంపబడిన చూడి ఆవు కడుపులోని పిండము రక్తమునుండి తీసినది అది! దానిని వాడకుండ పెంచు పద్ధతులును నేడు కలవు. సీసాలోని పొడి పనిచేయుచున్నదో లేదో చూచుటకు ఎలుకలను వాడినారా అనునది మరియొక ప్రశ్న. మన దేశములో జంతువులపై ప్రయోగములను పర్యవేక్షించుటకు 1960 నాటి చట్టము ననుసరించి ఒక సంఘము కలదు. కాని చట్టము ఒప్పిన దానినెల్ల వ్రతము ఒప్పదు. చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడు ద్వారములను మన ధర్మము కాపలా కాయుమన్నది. వర్తకుడు తరచుగా పట్టుబడునది మూడవ ద్వారము వద్దనే.

"మనము మానినంత మాత్రమున వ్యాపారము ఆగునా? మరియొకడు అమ్మును" అని కొందరందురు. ఈ మాట ఏనుగు దంతములు అమ్మువాడును చెప్పగలడు. దంత వ్యాపారమును, విష వ్యాపారమును గృహస్థునకు నిషిద్ధములన్న మన పెద్దలు ఆ సాకును అంగీకరింపలేదు. కనుక పశుహింసను తగ్గించు సరకునకును, దానిపైననే బ్రతుకు సరకునకును గల భేదమును మనమే తెలిసికొనవలెను. తెలిసికొనుటకు మార్గమొకటే, అడుగుట. ఏ కణములో చేసినారు? ఏ మేత పెట్టినారు? రక్తరసము వాడినారా? ఎలుకలపై పరీక్షించినారా? ఈ నాలుగు ప్రశ్నలు వ్రాసి తయారీదారునకు పంపుటకు ఖర్చు స్వల్పము. జవాబు రాని సరకును, రక్తరసముతో చేసిన సరకును వదలుకొనుట వలన కొంత లాభము పోవును. ఆ నష్టమును భరించుటకు సిద్ధపడినప్పుడే మన వ్రతమునకు విలువ.

ఈ విషయమున మన గంజాం జిల్లాలోనే ఒక పాఠమున్నది. ఋషికుల్యానదికి సమీపమున జౌగఢ శిలపై క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అశోకుడు శాసనములు చెక్కించినాడు. తన వంటశాలలో పూర్వము లక్షలకొలది ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే మిగిలినవనియు, మున్ముందు అవియు చంపబడవనియు మొదటి శాసనములో తెలిపినాడు. మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచిన సంగతి రెండవ శాసనములో ఉన్నది. హింసను తగ్గించుటయు రోగికి మందిచ్చుటయు ఒకే శిలపై ప్రక్కప్రక్కనే నిలిచినవి. అంతకన్న ముఖ్యము, చక్రవర్తి తన లెక్కలో మిగిలిన మూడు ప్రాణులను దాచలేదు.

ఖాతాపుస్తకము వ్రాయుట మనకు ఎవరును నేర్పనక్కరలేదు. తీరిన అప్పును వ్రాసి, తీరవలసిన బాకీని మరుగుపరచువాడు వర్తకుడనిపించుకొనడు. "జంతుసంబంధము లేనిది" అను చీటీ చూచి తృప్తిపడి కూర్చుండువాడు అట్టి లెక్కయే వ్రాయుచున్నాడు. మధుమేహముతో బాధపడు బిడ్డకు ఇన్సులిన్ వద్దనుట దయ కాదు. పరిశోధన అను పేరున వచ్చు ప్రతి సీసాకు కన్నులు మూసికొని ఆమోదము తెలుపుటయు దయ కాదు. ఎంత హింస తగ్గినదో, ఎంత మిగిలినదో రెండును వ్రాసికొని, మిగిలిన దానిని ఏటేట తగ్గించుటయే గృహస్థుడు చేయదగిన అహింస.