బిడ్డను పట్నం పంపే ముందు



అరకులో చిన్న దుకాణం నడుపుకునే ఒక సోదరుడు జుమా నమాజు తరువాత నా దగ్గర కూర్చున్నారు. "మౌలానా! మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. విశాఖపట్నం హాస్టల్లో వేద్దామనుకుంటున్నాను. వాళ్ల అమ్మీ వద్దంటోంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

"అబ్బాయి ఏమంటున్నాడు?" అన్నాను.

ఆయన కాసేపు తల దించుకుని, "వాణ్ణి అడగలేదండీ" అన్నారు.

మన ఇళ్లలో తరచూ జరిగేది ఇదే. ఫీజు లెక్క వేస్తాం, బంధువుల సలహా తీసుకుంటాం. వెళ్లవలసిన బిడ్డను మాత్రం అడగం. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహి)కు కుమారుని విషయంలో కలలో దైవాజ్ఞ అయింది. అయినా ఆయన ఆ సంగతి కుమారునికి చెప్పి, అతని అభిప్రాయం అడిగారని సాఫ్ఫాత్ సూరా తెలుపుతోంది. మరి మన నిర్ణయం దైవాజ్ఞ కూడా కాదే!

రెండవది జాగ్రత్త. హజ్రత్ యాఖూబ్ (అలైహి) ఒకసారి యూసుఫ్ (అలైహి)ను అన్నలతో పంపి ఎడబాటు అనుభవించారు. తరువాత ధాన్యం కోసం చిన్న కుమారుణ్ణి ఈజిప్టుకు పంపవలసి వచ్చింది. అప్పుడాయన అన్నల చేత అల్లాహ్ పేరు మీద ప్రమాణం చేయించుకున్నారు. అందరూ ఒకే ద్వారం గుండా ప్రవేశించవద్దని హెచ్చరించారు. అల్లాహ్‌పైనే భారం వేశారు. జాగ్రత్త, తవక్కుల్ రెండూ ఆయన దగ్గర కలిసే ఉన్నాయి.

అరకు నుండి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. ముందు మీరే ఘాట్ దిగి వెళ్లి చూసి రండి. హాస్టల్ దగ్గర మస్జిద్ ఉందా? జుమాకు పంపుతారా? గదిలో తోడు ఎవరు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? నెలకు ఎన్నిసార్లు మీరు వెళ్లగలరు? జవాబులు తృప్తిగా లేకపోతే అరకులోనే ప్రభుత్వ జూనియర్ కళాశాల ఉంది. మరో రెండేళ్లు ఇంటి నీడలో చదివితే బిడ్డ వెనకబడిపోడు.

అలాగని పంపడం తప్పు కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) సుమారు 16 ఏళ్ల వయసులో తల్లితో, అన్నతో కలిసి హజ్‌కు వెళ్లారు. వాళ్లు తిరిగి వచ్చేశారు, ఆయన విద్య కోసం మక్కాలోనే ఉండిపోయారు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా హదీసు నేర్చుకుంటున్న ఆ యువకునికి తాను ఎందుకు ఉంటున్నాడో తెలుసు. మీ బిడ్డకు ఆ సంగతి తెలుసా?

మూడవది ఇస్తిఖారా. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఇందులో మేలుంటే సులభం చేయమని, కీడుంటే తప్పించమని అల్లాహ్‌ను వేడుకోండి. కల రావాలని ఎదురుచూడనక్కర లేదు. బిడ్డ చేత కూడా చేయించండి.

మరుసటి జుమాకు ఆ సోదరుడు మళ్లీ వచ్చారు. "వాడికి వెళ్లాలనే ఉందట మౌలానా. అమ్మీ ఏడుస్తుందని ఇన్నాళ్లూ చెప్పలేదట" అన్నారు. ఆ ఇంట్లో నిర్ణయం ఇంకా కాలేదు. కాని ముగ్గురూ ఇప్పుడు కలిసి కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

మన బిడ్డలు అల్లాహ్ మనకప్పగించిన అమానత్. వారు ఎక్కడున్నా ఆయన వారి ఈమాన్‌ను కాపాడుగాక! ఆమీన్.