విహారానికి వెల ఎంత?

వేసవి సెలవుల్లో భార్యాపిల్లల్ని ఖరీదైన రిసార్టుకు తీసుకెళ్ళడం తగునా? అది దుబారా కిందికి వస్తుందా? ఒక సోదరుడు ఇటీవల ఈ ప్రశ్న మా ముందుంచారు. ఆయనది చిన్న పట్టణంలో దర్జీ దుకాణం. ఇంట్లో వృద్ధురాలైన తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పిల్లల స్నేహితులు కొందరు రిసార్టుకు వెళ్ళి ఈతకొలను పక్కన దిగిన ఫొటోలు ఫోన్లలో పంపారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే మాట: "అబ్బా! మనమెప్పుడు వెళ్తాం?"

పిల్లల మాటనైతే ఆయన నవ్వి దాటవేసేవారేమో! కానీ ఒక రాత్రి భార్య అన్న మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. "పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. పెళ్ళిళ్ళ దావతులు వదిలేయండి. నేను వండని అన్నం నా ముందు ఎవరైనా వడ్డించిన రోజు ఒక్కటి చెప్పండి" అన్నారావిడ. ఆయన దగ్గర జవాబు లేదు.

మరోవైపు అదే పట్టణంలో భర్త చనిపోయిన ఆయన చెల్లెలు ఉంది. ఆమె కొడుకుకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. ఫీజు, పుస్తకాలు, హాస్టలు కలిపి జూన్ నాటికి దాదాపు నలభై వేలు కావాలి. ఆమె అన్నను నోరు తెరిచి అడగలేదు. కానీ అడగకపోయినంత మాత్రాన ఆమె అవసరం ఆయనకు తెలియకుండా పోదు కదా!

ఆయన దగ్గరున్నది ఒక్కసారికి సరిపడే డబ్బే. ఈ సమస్య ఆయన ఒక్కరిదే కాదు. మనలో చాలా ఇళ్ళలో ఏదో ఒక రూపంలో ఇదే ఉంది. అందుకే కాస్త వివరంగా ఆలోచిద్దాం.

ముందు లెక్క చూద్దాం

రిసార్టు ప్రకటనలో కనిపించే ధర వేరు, చివరికి జేబులోంచి పోయే మొత్తం వేరు. గది అద్దె రోజుకు 9,000 రూపాయలు అనుకుందాం. రెండు రాత్రులకు 18,000. పిల్లల కోసం అదనపు పడకకు రాత్రికి 2,000 చొప్పున 4,000. రోజు అద్దె 7,500 రూపాయలు దాటిన గదులపై జీఎస్టీ 18 శాతం. అంటే 22,000 మీద మరో 3,960. ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉన్నా, నాలుగు పూటల భోజనానికి పూటకు మూడు వేల చొప్పున 12,000 అవుతుంది. కారు, టోలు కలిపి 6,000. మొత్తం 43,960 రూపాయలు. రెండు రాత్రుల విహారానికి దాదాపు 44 వేలన్నమాట.

ఇది ఎక్కువా, తక్కువా? ఈ ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. కలిమి ఉన్నవాడు తన కలిమిని బట్టి, ఉపాధి పరిమితంగా ఉన్నవాడు అల్లాహ్ తనకు ఇచ్చిన దాన్ని బట్టి ఖర్చు చేయాలని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది (65:7). లక్షలు ఆర్జించే వ్యాపారికి దుబారా కానిది దర్జీకి దుబారా కావచ్చు. కాబట్టి "ఎంత?" అని అడిగే ముందు "ఎవరి సొమ్ము, ఎవరి హక్కు?" అని అడగాలి.

ఆనందం నిషిద్ధం కాదు

విహారం అనగానే ముఖం చిట్లించుకునేవారు మనలో కొందరున్నారు. ఇది ధర్మం నేర్పిన వైఖరి కాదు. తన దాసుల కోసం అల్లాహ్ సృష్టించిన అందాలను, పరిశుద్ధమైన వస్తువులను నిషేధించినవారెవరని ఖుర్ఆన్ నిలదీస్తోంది (7:32). భూమిలో సంచరించి సృష్టి ఎలా ఆరంభమయిందో చూడమని ఆదేశిస్తోంది (29:20). దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. సమాజ నాయకత్వం, శత్రువుల బెడద, దైవసందేశ బాధ్యత ఇన్ని భుజాన ఉన్నా ఆయనకు భార్యతో పరుగెత్తడానికి తీరిక దొరికింది. మనకు దొరకడం లేదు!

మరో సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. ఒకసారి ఆకలి తట్టుకోలేక దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. ఒక అన్సారీ సహచరుని ఇంటికి వెళ్ళారు. ఆయన మంచినీళ్ళు తేవడానికి వెళ్ళి తిరిగి వచ్చి, తన ఇంట ఇంతటి గౌరవనీయులైన అతిథులున్నందుకు పొంగిపోయారు. ఖర్జూరపు గెల తెచ్చి ముందు పెట్టారు, మేకను కోశారు. వారు కడుపు నిండా తిని, చల్లని నీళ్ళు త్రాగారు. ఆ తర్వాత దైవప్రవక్త (సఅసం) ఈ అనుగ్రహాన్ని గురించి ప్రళయదినాన మిమ్మల్ని తప్పక ప్రశ్నించడం జరుగుతుందని తన సహచరులకు గుర్తుచేశారు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. ఆయన తినవద్దనలేదు. తిన్న తర్వాత లెక్క ఉందని మరచిపోనివ్వలేదు. ఆకలితో వచ్చినవారు తిన్న నాలుగు ఖర్జూరాలకే లెక్క ఉంటే, మన 44 వేలకు ఉండదా?

ముందున్న హక్కులు

మదీనాలో హజ్రత్ అబూ తల్హా (రజి)కు బైరుహా అనే తోట ఉండేది. మస్జిదుకు ఎదురుగా ఉన్న ఆ తోటకు దైవప్రవక్త (సఅసం) వెళ్ళి అక్కడి తియ్యని నీళ్ళు త్రాగేవారు. అబూ తల్హాకు తన ఆస్తిలో అన్నిటికన్నా ప్రియమైనది అదే. మీకు ప్రియమైన దానిలోంచి ఖర్చు చేయనంత వరకు పుణ్యస్థాయిని అందుకోలేరన్న వాక్యం (3:92) అవతరించగానే, ఆయన దాన్ని అల్లాహ్ మార్గంలో ఇచ్చేశారు. దైవప్రవక్త (సఅసం) ఎంతో సంతోషించి, దాన్ని నీ దగ్గరి బంధువులకు ఇవ్వమని సలహా ఇచ్చారు. ఆయన అలాగే బంధువులకు, పినతండ్రి పిల్లలకు పంచిపెట్టారు (బుఖారీ, ముస్లిం).

తోటలో సేదదీరడం తప్పు కాదు. కానీ ఆ తోట గోడ అవతల మన బంధువు ఉన్నాడని మరచిపోవడం తప్పు. ఖుర్ఆన్ దుబారాను ఖండించిన చోట ముందుగా ఏం చెప్పిందో చూడండి. బంధువుకు, నిరుపేదకు, బాటసారికి వారి హక్కు ఇవ్వమని చెప్పి, ఆ వెంటనే దుబారా చేయవద్దని, దుబారా చేసేవారు షైతాను సోదరులని హెచ్చరించింది (17:26-27). రెండు మాటలూ ఒకేచోట ఉండటంలో గొప్ప హితబోధ ఉంది. సాధారణంగా దుబారా అయ్యే సొమ్ములో ఎవరిదో ఒకరి హక్కు కలిసే ఉంటుంది.

కాబట్టి రిసార్టుకు ఫోన్ చేసే ముందు కొన్ని బాకీలు చూసుకోవాలి. తీర్చవలసిన అప్పు ఉందా? జకాత్ లెక్క కట్టామా? దుకాణంలో పనిచేసే కుర్రాడి జీతం నిలిచిపోయిందా? తండ్రి ఆస్తిలో అక్కచెల్లెళ్ళకు చెందవలసిన వాటా ఇచ్చామా? అన్నిటికన్నా ముందు, ఎవరి సంతోషం కోసం ఈ ప్రయాణమో ఆ భార్యకు మహర్ చెల్లించామా? నిఖా రోజు పదిమంది ముందు ఒప్పుకొని, తర్వాత చాలామంది మరచిపోయే బాకీ అది. మహర్ ఎగ్గొట్టి రిసార్టులో గది తీసుకోవడం, ఆమె సొమ్ముతో ఆమెకే విందు చేసి పేరు మనం కొట్టేయడం లాంటిది!

ఇక అప్పు చేసి విహారానికి వెళ్ళడం గురించి వేరే చెప్పనవసరం లేదు. క్రెడిట్ కార్డు మీద వడ్డీ వాయిదాలు కట్టే ప్యాకేజీలున్నాయి. ఏళ్ళ తరబడి సభ్యత్వం అంటగట్టి లక్షలు రాబట్టే పథకాలున్నాయి. వాయిదాలకు వడ్డీ, పైగా ఏటేటా నిర్వహణ రుసుం. వడ్డీని వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని ఖుర్ఆన్ చెబుతోంది (2:279). రెండు రోజుల ప్రశాంతత కోసం ఆ యుద్ధంలోకి దిగేవాడు తెలివైనవాడా?

రిసార్టు అమ్మేది ఏమిటి?

ఇప్పుడు ఆ సోదరి మాట దగ్గరికి వద్దాం. ఆమె ఈతకొలను అడగలేదు. ఫొటోలు అడగలేదు. తాను వండని ఒక పూట అన్నం అడిగారు. రిసార్టు మనకు అమ్మేది నిజానికి కొండనూ సముద్రాన్నీ కాదు, విశ్రాంతిని. ప్రక్క దులిపేది మరొకరు, వండేది మరొకరు, గిన్నెలు తోమేది మరొకరు. రెండు రోజుల పాటు ఇంటి ఇల్లాలికి "ఈ పూట ఏం వండాలి?" అనే చింత ఉండదు. 44 వేలలో అధిక భాగం దాని ధరే.

ఆ విశ్రాంతి ఇంట్లో ఎందుకు దొరకడం లేదు? దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేస్తుండేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). ఆ ఆదర్శం మన ఇళ్ళలో కనిపిస్తే, వారానికి ఒక పూట వంట మగవారు, పిల్లలు పంచుకుంటే, ఏడాదిలో 52 పూటలు ఆమెకు విశ్రాంతి. అందుకు ఒక్క రూపాయి జీఎస్టీ లేదు! ఇంట్లో ఉచితంగా ఇవ్వగలిగిన విశ్రాంతిని ఇవ్వనివాడే దాన్ని 44 వేలకు కొనవలసి వస్తుంది. కొన్నా అది రెండు రోజులకే. మూడో రోజు ఆమె మళ్ళీ అదే పొయ్యి ముందు నిలబడుతుంది, వెంట తెచ్చిన మాసిన బట్టలు అదనం.

ఇందులో మరో ప్రమాదం కూడా ఉంది. కొందరు ఇంట్లో ఖర్చు మాట ఎత్తగానే "ఇస్రాఫ్, ఇస్రాఫ్" అంటారు. తాము మాత్రం హోటల్లో స్నేహితులతో చాయ్ త్రాగుతూ గంటలు గడుపుతారు. చేతిని మెడకు కట్టేసుకోవద్దని, అలాగని పూర్తిగా చాచివేయవద్దని ఖుర్ఆన్ ఒకే వాక్యంలో చెప్పింది (17:29). పిసినారితనానికి ధర్మం ముసుగు వేయడం కూడా అపరాధమే. దైవమార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, ఇంటివారికి ఖర్చు చేసిన దీనార్లలో ఇంటివారిపై ఖర్చు చేసిన దానికే ఎక్కువ పుణ్యమని దైవప్రవక్త (సఅసం) చెప్పారు (ముస్లిం).

మేమిచ్చిన సమాధానం

ఆ సోదరునితో మేమిలా అన్నాము. చెల్లెలి కొడుకు ఫీజు జూన్ దాటితే ఆగదు, సీటు పోతుంది. రిసార్టు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. కాబట్టి ముందు ఫీజు. అయితే చెల్లెలి పేరు చెప్పి భార్య హక్కును అటకెక్కించవద్దు. ఈ శుక్రవారం నుంచే వంటింట్లోకి వెళ్ళండి. నిర్ణయం ఆమెతో కూర్చొని, లెక్క ఆమె ముందు పెట్టి తీసుకోండి. పుణ్యంలో ఆమె కూడా భాగస్వామి అవుతుంది. ఆమెకు చెప్పకుండా త్యాగం చేస్తే త్యాగం ఆమెది, పేరు మీది అవుతుంది.

మిగిలిన కొద్ది డబ్బుతోనే ఒక ప్రయాణం పెట్టుకోండి. విశాఖ నుంచి అరకుకు రైలుంది. సొరంగాలు దాటుకుంటూ లోయలోకి దిగే ఆ దారి, పక్కనే ఉన్న బొర్రా గుహలు ఏ రిసార్టు గోడల మధ్యా దొరకవు. తెలంగాణ వారికి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి, రాయలసీమ వారికి హార్స్‌లీ హిల్స్ ఉంది. కొండను చూడటానికి అల్లాహ్ రుసుం పెట్టలేదు. వీలైతే తల్లినీ వెంట తీసుకెళ్ళండి. ప్రయాణికుని దుఆ, సంతానం కోసం కన్నవారు చేసే దుఆ తప్పక స్వీకరించబడే దుఆలని హదీసు తెలుపుతోంది. తల్లిని వెంటబెట్టుకున్నవానికి ఆ రెండూ ఒకే బండిలో దొరుకుతాయి.

ఇక హక్కులన్నీ తీర్చి, హలాల్ సొమ్ము మిగిలినవారు ఖరీదైన చోటికే వెళ్ళదలిస్తే, సంతోషంగా వెళ్ళండి. దాసునికి తానిచ్చిన అనుగ్రహం అతనిపై కనిపించడం అల్లాహ్‌కు ఇష్టమని హదీసులో ఉంది (తిర్మిజీ). అయితే ముందే కొన్ని విషయాలు కనుక్కోండి. మాంసం హలాలేనా? భోజనశాలలో మద్యం వడ్డిస్తారా? ఈతకొలనులో స్త్రీలకు వేరే వేళలున్నాయా? ప్రయాణంలో అల్లాహ్ నమాజును తగ్గించి సులభం చేశాడు, తీసివేయలేదు. అక్కడి ఫొటోలు పదిమందికి పంపే ముందు, వాటిని చూసి మరో ఇంట్లో ఒక పిల్లవాడు తన తండ్రిని ఏమడుగుతాడో ఒక్క క్షణం ఆలోచించండి. గది సర్దే మనిషి పేరు అడిగి, మన పిల్లల చేతే అతనికి కృతజ్ఞత చెప్పించండి.

నెల తర్వాత ఆ సోదరుడు మళ్ళీ కలిశారు. ఫీజు కట్టేశారట. శుక్రవారాలు వంట ఆయనదేనట. "బిర్యానీ అడుగంటింది. అయినా ఆమె ఏమీ అనకుండా రెండోసారి వడ్డించుకుంది" అని నవ్వారు. ప్రయాణం మాత్రం దసరా సెలవులకు వాయిదా పడిందట.

ఆర్జించడంలో హలాల్‌ను, ఖర్చులో మధ్యేమార్గాన్ని, హక్కుల చెల్లింపులో తొందరను, ఇంటివారి పట్ల మృదుత్వాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.