ఎదురుగాలికి పోయే దారి

ఆషాఢం గాలి సంగతి మా తిరుచానూరులో సైకిల్ తొక్కేవాళ్లకు ఎవరూ చెప్పబన్లేదు. పాలక్యాన్లు తగిలించుకుని చీకట్లోనే బయల్దేరే మనిషి సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతుంటాడు. గంటకు 15 కిలోమీటర్ల గాలికి ఎదురుగా మనమూ అంతే వేగంతో పోతే, ఒంటికి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. దాని అడ్డు గాలి లేనప్పటికన్నా రెండింతలు కాదు, నాలుగింతలు! వంగి తొక్కమని పెద్దలు చెప్పేది అందుకే.

అయినా మా ఊరి సన్నదారులు వదలబుద్ధి కాదు. పద్మసరోవరం దాటి పోతే యోగిమల్లవరం, చోళుల కాలపు శాసనాలున్న పరాశరేశ్వరాలయం. దగ్గర్లోనే స్వర్ణముఖి. ఏడాదిలో చానా నెలలు ఇసుకే కనిపించే ఈ ఏరు శ్రీకాళహస్తిని తాకి సముద్రానికి పోతుంది. పంచభూత లింగాల్లో వాయులింగం అక్కడిదే. గాలికి మొక్కే సీమ మనది.

మళ్లు ప్లాట్లవుతుంటే ఈ సన్నదారులు ఎన్నాళ్లుంటాయోనని నా దిగులు. ఉన్నప్పుడే పోయి చూడండి. పోయేటప్పుడు ఎదురుగాలికి పోండి, అలసి తిరిగొచ్చేటప్పుడు అదే మిమ్మల్ని ఇంటికి నెడుతుంది. లారీలు, కార్లు నడిపే అన్నలారా, చీకట్లో సైకిల్ కనబడితే కాస్త ఎడంగా పోండి.