ఆగిన చోట గీత ఏమవుతుంది?

పరుగు యాప్ గీసే గ్రాఫుని మనం రుజువులాగా చూస్తాం. నిజానికి అది ఒక వ్యాఖ్యానం. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి అని ఎవరో ప్రోగ్రామరు ముందే నిర్ణయించాక మిగిలినది. కథ చదివేటప్పుడు రచయిత ఏం చెప్పకుండా వదిలేశాడో వెతుకుతాం కదా, ఈ గీతనీ ఆ ప్రశ్న అడగొచ్చు.

ముందు పేస్ సంగతి. బండికైతే గంటకి ఇన్ని కిలోమీటర్లు అంటాం. పరిగెత్తేవాళ్ళు దాన్ని తిరగేసి కిలోమీటరుకి ఇన్ని నిమిషాలు అంటారు. అంకె తగ్గితే వేగం పెరిగినట్టు. ఉన్నదున్నట్టు గీస్తే, జోరుగా పరిగెత్తినప్పుడల్లా గీత కిందికి దిగాలి. అందుకే చాలా యాప్‌లు నిలువు అక్షాన్ని తలకిందులు చేసి వేగాన్ని పైకి తెస్తాయి. ఇందులో మోసం లేదు. పైన ఉన్నదే మేలు అనుకునే మన అలవాటుని మన్నించారు, అంతే.

అసలు చిక్కు ఆగినప్పుడు వస్తుంది. వేగం గ్రాఫులో ఆగడం అంటే సున్నా. దానికంటూ ఒక చోటుంది. పేస్ గ్రాఫులో ఆగడం అంటే సున్నాతో భాగహారం, కిలోమీటరుకి అనంతమైన నిమిషాలు. అది ఏ తెర మీదా పట్టదు. కాబట్టి గీతని అడుగున ఎక్కడో కత్తిరించాలి, లేదా ఆగిన సమయాన్నే లెక్కలోంచి తీసేయాలి. అడ్డం అక్షం మీద కాలానికి బదులు దూరం పెడితే మరీ సులువు. 10 నిమిషాలు నిలబడినా జరిగిన దూరం సున్నా కాబట్టి, ఆ 10 నిమిషాలకీ గ్రాఫులో వెడల్పే ఉండదు. ఎవరూ చెరపకుండానే చెరిగిపోతాయి.

5 కిలోమీటర్లు 30 నిమిషాల్లో పరిగెత్తి, మధ్యలో 5 నిమిషాలు ఆగామనుకోండి. కదిలిన సమయంతో లెక్కేస్తే పేస్ 6 నిమిషాలు, మొత్తం సమయంతో అయితే 7. రెండూ నిజాలే. స్ట్రావా మామూలు పరుగుకి మొదటి లెక్క, పోటీ అని గుర్తుపెట్టిన పరుగుకి రెండో లెక్క వాడుతుంది.

"ముడి డేటా చూపిస్తే గొడవే లేదుగా" అనొచ్చు. కుదరదు. ఫోన్లో జి.పి.ఎస్. చూపే స్థానం కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది, చెట్ల కింద ఇంకాస్త ఎక్కువ. సెకను సెకనుకీ పేస్ లెక్కేస్తే గీత రంపం పళ్ళలా వస్తుంది. ఆ పళ్ళలో చాలావరకు యంత్రానివే, పరిగెత్తినవాడివి కావు. సగటు తీసి వాటిని నునుపు చేయడం న్యాయమే. తేడా ఎక్కడుందంటే, నునుపు చేసినప్పుడు పరికరం తెచ్చిపెట్టిన తప్పుని తీసేస్తున్నాం. ఆగిన సమయాన్ని తీసేసినప్పుడు మనిషి నిజంగా చేసినదాన్ని తీసేస్తున్నాం. కోడ్‌లో రెండూ పక్కపక్కనే ఉండొచ్చు గానీ, రెండూ ఒకటి కావు.

కోనసీమలో పరిగెత్తేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఎత్తుపల్లాల్లేని డెల్టా కాబట్టి, ఎత్తుని బట్టి పేస్‌ని సవరించే లెక్కలకి ఇక్కడ పెద్దగా పనిలేదు. ఇక్కడ పేస్‌ని మార్చేది మనుషులు. కాలువ గట్టు మీద ఎవరైనా "ఎందాకండీ?" అంటే "ఆయ్, ఇలా లాకుల దాకా అండి" అనాలి, అదీ ఆగి. ఆగకుండా పోతే పొగరనుకుంటారు. బాతుల మందకి దారివ్వాలి. ఆ రెండు నిమిషాలూ యాప్ తీసేస్తుంది. అదే యాప్‌ని ఆపకుండా కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దిగితే, గౌతమి దాటినంత మేరా మన ఖాతాలో పరుగుగా జమకావచ్చు. గట్టు మీద నిలబడితే ఏమీ చేయనట్టు, పంటు మీద నిలబడితే పరిగెత్తినట్టు! దానికి తెలిసింది స్థానం మారడం ఒక్కటే. దాన్ని శ్రమ అనీ క్రమశిక్షణ అనీ చదువుకునేది మనం.

1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎత్యెన్ జూల్ మరే తన పుస్తకంలో పారిస్–లియోన్ రైళ్ళ గ్రాఫు ఒకటి అచ్చువేశాడు. నిలువుగా స్టేషన్లు, అడ్డంగా గంటలు. రైలు వేగం గీత వాలులో తెలుస్తుంది. ఆగినచోట గీత అడ్డంగా సాగుతుంది, ఎంతసేపు ఆగితే అంత పొడుగున. అక్కడ ఆగడం లోపం కాదు, జనం ఎక్కీ దిగే చోటు. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కోసం దశాబ్దాలుగా ఎదురుచూసిన కోనసీమవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆగకుండా పోయే రైలు ఊరికి రైలే కాదు.

శిక్షణ కోసం పరిగెత్తేవాడికి కదిలినప్పటి పేసే కావాలి కదా అంటే, నిజమే. కానీ ఆగినప్పుడు ఊపిరి కూడా తీసుకున్నాం. తర్వాతి కిలోమీటరు వేగంలో ఆ విశ్రాంతికీ వాటా ఉంది. దాన్ని దాచేస్తే శిక్షణ లెక్క కూడా సగమే.

అంతకన్నా పెద్ద సంగతి, కొలిచే పద్ధతి మెల్లగా మన నడవడిని దిద్దుతుంది. ఆటో పాజ్ లేకపోతే పలకరింపుకి ఖరీదుంది, సగటు పడిపోతుంది. ఆటో పాజ్ ఉంటే పలకరింపు అసలు జరగనే లేదు. మొదటి లెక్కలో పలకరించిన పెద్దాయన మనకి అడ్డం. రెండో లెక్కలో ఆయన లేనే లేడు.

నాకు తోచిన మార్గం చిన్నదే. గీతని అక్కడ తెంచి, కాస్త ఖాళీ వదిలి, "4 నిమిషాలు ఆగారు" అని రాస్తే చాలు. సగటుకొచ్చే నష్టమేమీ లేదు. ఎందుకు ఆగామో యాప్‌కి తెలియనక్కర్లేదు, అది మనకి తెలుసు. ఆగామన్న సంగతి మాత్రం అది మన దగ్గర దాచకూడదు.