డోలీ ఒక్కరే మోయలేరు



ఆషాఢం వస్తే మన సికింద్రాబాద్‌కి బోనాల కళ వచ్చేస్తుంది. ఉజ్జయిని మహంకాళి గుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. 1813లో ఇక్కడ కలరా వచ్చి జనం ప్రాణాలు పోతున్నాయి. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య గారు అప్పుడు ఉజ్జయినిలో ఉన్నారు. ఊరికి ఆ జబ్బు తగ్గితే అక్కడ గుడి కడతానని అమ్మవారికి మొక్కుకున్నారు. తిరిగొచ్చి, 1815లో అమ్మవారి కర్ర విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

"ఇది ఎవరి పాపం వల్ల వచ్చింది?" అనే ప్రశ్న ఈ కథలో ఎక్కడా లేదు, గమనించారా? ఊరి కష్టాన్ని ఆయన తన కష్టం అనుకున్నారు, అంతే.

మరి మన ఇంట్లో పిన్నికో, అక్కకో రొమ్ము క్యాన్సర్ అని తెలిస్తే? "బయట చెప్పకండి, పిల్ల పెళ్లి కావాలి" అంటాం. "పూర్వజన్మ కర్మ" అంటాం. ఆపరేషన్, కీమో, ఊడిపోయే జుట్టు... ఇవి చాలవన్నట్టు ఆమె నెత్తిన సిగ్గు అనే బరువు కూడా పెడతాం.

ఇదే సికింద్రాబాద్‌లో, కిమ్స్ ఆస్పత్రి డాక్టర్ పి. రఘురామ్ గారి అమ్మగారు డాక్టర్ ఉషాలక్ష్మి గారికి ఈ జబ్బే వచ్చింది. ఆ సంగతి ఆయన దాచలేదు. 2007లో ఆమె పేరు మీదే రొమ్ము క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. చాలా ఇళ్లల్లో గుసగుసగా చెప్పుకునే విషయం, ఇక్కడ అమ్మ పేరుతో బోర్డు ఎక్కింది.

నాకు అర్థమైనంతలో, గీత చెప్పే కర్మ ఎదుటివాళ్ల గత జన్మ లెక్క తేల్చడానికి కాదు. ఇప్పుడు నా చేతిలో ఉన్న పని అది. కీమో రోజు పక్కన కూర్చోవడం కర్మ. రిపోర్టులు తెచ్చిపెట్టడం కర్మ. ఆమె ఏడిస్తే "ఏం కాదులే" అని నోరు మూయించకుండా, చివరిదాకా వినడం కూడా కర్మే. మొక్కు మొక్కండి, మందు మాత్రం ఆపకండి.

ఇంకో మాట. చంకలో గ్రంథులు తీసేసినవాళ్లకి ఆ వైపు చెయ్యి వాయొచ్చు. ఏటా బోనం ఎత్తే అమ్మ ఈసారి ఎత్తలేకపోతే, అమ్మవారు కోప్పడుతుందేమోనని భయపడుతుంది. కోప్పడదు. బోనం మీరు ఎత్తండి. ఆమెని పక్కన నడిపించండి, తలమీద స్కార్ఫ్ ఉన్నా లేకపోయినా.

డోలీకి ఇంకో భుజం కావాలి. ఆ సంగతి అప్పయ్య గారికి రోజూ చేసే పనే నేర్పి ఉంటుంది. మీ ఇంట్లో ఆ రెండో భుజం ఎవరిది?

అమ్మ దయ అందరి మీదా ఉండాలి. జై మహంకాళి!