అమ్మిన బండి, మిగిలిన బాధ



తప్పు చేసినవాడు బాధపడటం అందరికీ తెలిసిన సంగతే. మరి సరియైన పని చేసినవాడు కూడా బాధపడవచ్చునా? పడితే ఆ బాధ న్యాయమైనదా, లేక ఉత్త పిచ్చితనమా? ఈ ప్రశ్న మా ఇంట్లో ఒక మోటారు సైకిల్ మూలంగా పుట్టి, ఏళ్ల తరబడి మాతోనే కాపురం చేసింది. ప్రశ్న పెద్దది, మా అనుభవం చిన్నది. అయినా మనలో చాలామంది ఇళ్లలో ఇలాంటిదేదో ఒకటి జరిగే ఉంటుంది గనుక, దాచకుండా వ్రాస్తున్నాము.

అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇది ఎక్కువగా కారు విషయంలో వినిపించే కథ. పెళ్లికి ముందు ముచ్చటపడి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొంటారు. 1989లో వచ్చిన మాజ్దా మియాటా అలాంటిది. పిల్లలు పుట్టాక, ఆఫీసు దూరమయ్యాక, దానిని ఇచ్చివేసి నాలుగు తలుపుల మామూలు కారు తెచ్చుకుంటారు. ఆ తరువాత రోడ్డు మీద అలాంటి కారు ఎదురైనప్పుడల్లా తల తిప్పి చూస్తారు. మన దేశంలో మన తరంవారికి స్పోర్ట్స్ కారు ఎక్కడిది? మనకు ఆ స్థానంలో ఉన్నది మోటారు సైకిల్. కొందరికి బుల్లెట్, కొందరికి రాజ్‌దూత్, కొందరికి ఆర్‌.ఎక్స్‌.100. మాకు యెజ్డి రోడ్‌కింగ్.

కర్ణాటకలో స్థిరపడ్డ మనకు యెజ్డి పరాయి బండి కాదు. 1961లో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం మొదలైంది. మొదట చెకోస్లోవేకియా వారి జావా బండ్లనే ఇక్కడ తయారు చేశారు. 1973 నుండి అవి యెజ్డి అనే పేరుతో వచ్చాయి. 250 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను. సిలిండరు ఒక్కటే అయినా సైలెన్సర్లు రెండు. కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీ కూడా. కిక్కు కొట్టి, దానిని లోపలికి నొక్కి ముందుకు తిప్పితే గేరు వేసుకోవచ్చు. కొత్తవాడెవడైనా మా బండి ఎక్కితే గేరు ఎక్కడుందో తెలియక దిక్కులు చూసేవాడు. అది మాకెంతో గొప్పగా ఉండేది.

మేమంటే భార్యాభర్తలం ఇద్దరం. మాలో ఒకరు బండి నడిపినవారు, ఒకరు ఇంటి జమాఖర్చుల పుస్తకం వ్రాసినవారు. ఇద్దరమూ కూర్చుని, ఒకరి మాటను ఒకరు దిద్దుకుంటూ ఈ వ్యాసం వ్రాశాము.

బండి 1984లో కొన్నాము. బెంగుళూరు కె.ఆర్.పురంలో అద్దె ఇల్లు, పీణ్యాలో ఉద్యోగం. చిత్తూరు దగ్గర మా పెద్దల ఊరు. పండుగకో, పెళ్లికో, చావుకో ఊరికి పోవాలంటే కోలారు, ముళబాగిలు, నంగిలి, పలమనేరు మీదుగా 160 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. తెల్లవారకముందే బయలుదేరేవాళ్లం. పెట్రోలు ట్యాంకు మీద పెద్దమ్మాయి, మధ్యలో చిన్నవాడు. మొగిలి ఘాటు దగ్గర మలుపులు తిరుగుతుంటే చల్లటి గాలి ముఖానికి కొట్టేది. ఇంజను చప్పుడు కొండకు తగిలి మళ్లీ మనకే వినబడేది. నలుగురిని ఒక బండి మీద ఎక్కించడం తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం లోకంలో మాకంటే భాగ్యవంతులు లేరనిపించేది.

1997లో ఆ బండి ఇచ్చివేశాము. ఎందుకిచ్చామో లెక్క వ్రాసిన పుస్తకం ఇప్పటికీ ఉంది. ఉద్యోగానికి రానూ పోనూ రోజుకు 45 కిలోమీటర్లు. నెలకు 26 రోజులు. అంటే 1170 కిలోమీటర్లు. వయసు మీరిన మా బండి లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చేది. నెలకు దాదాపు 47 లీటర్లు, పైగా పెట్రోలులో కలిపే ఆయిలు. 100 సి.సి. ఫోర్ స్ట్రోక్ బండి అయితే ఊరి రద్దీలో కూడా 65 కిలోమీటర్లు వస్తుంది. నెలకు 18 లీటర్లు చాలు. దాదాపు 29 లీటర్ల పెట్రోలు మిగులు. ఆ సంవత్సరమే పెద్దమ్మాయికి నర్సింగులో సీటు వచ్చింది, ఫీజు కట్టాలి. 1996లో మైసూరు కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది గనుక ఇక స్పేరు పార్టులు ఎలా దొరుకుతాయోనన్న భయం ఒకటి. ఏ వైపు నుండి చూసినా లెక్క ఒక్కటే చెప్పింది. పాత బండి ఇచ్చి, పైన డబ్బు కట్టి, 100 సి.సి. బండి తెచ్చుకున్నాము.

1985లో హీరో హోండా సి.డి.100 వచ్చినప్పుడు దాని ప్రకటన దేశమంతా మారుమోగింది. పెట్రోలు నింపు, మూత వెయ్యి, మరచిపో అని దాని సారాంశం. ఆలోచిస్తే అందులోనే ఈ విషయమంతా ఉన్నది. పనికివచ్చే బండికి గొప్ప గుణమేమిటంటే దానిని మరచిపోవచ్చు. అది మనలను ఆఫీసుకు చేర్చి, తన ఊసు మనకు లేకుండా చేస్తుంది. ప్రేమించిన బండి అలా కాదు. అది రోజూ మన ధ్యాస అడుగుతుంది. ప్లగ్గు తుడవాలి, ఆయిలు కొలత చూడాలి, చప్పుడులో తేడా వస్తే చెవి పెట్టి వినాలి. మొదటిది మనకు సమయం మిగులుస్తుంది. రెండవది మన సమయం తీసుకుని, దానికి బదులు ఏదో ఇస్తుంది. ఆ ఏదో జమాఖర్చుల పుస్తకంలో ఏ పద్దు కింద వ్రాయాలో మాకు తెలియలేదు. వ్రాయలేదు గనుక అది లేదనుకున్నాము. మా మొదటి పొరపాటు అదే.

ఇక ఆ బాధ సంగతి. ఇది అవివేకమని చెప్పిన పెద్దలున్నారు. 1677లో, తన మరణానంతరం అచ్చయిన నీతిశాస్త్ర గ్రంథంలో స్పినోజా అనే తత్వవేత్త పశ్చాత్తాపం సుగుణం కాదన్నాడు. చేసినదానికి చింతించేవాడు రెండింతలు దుర్బలుడని ఆయన వాదన. అయితే మనుష్యులు బుద్ధిని బట్టి నడుచుకోవడం అరుదు గనుక, అలాంటి చింత వలన కీడుకంటె మేలే ఎక్కువని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆర్థిక శాస్త్రజ్ఞులు ఇంకొక మాట చెబుతారు. మన చేతిలో ఉన్న వస్తువుకు, అది మనదైనందువల్లనే, మనం ఎక్కువ విలువ కడతామట. రిచర్డ్ థేలర్ 1980లో ఈ సంగతి వ్రాశాడు. 1990లో ఆయన, కానెమన్, నెట్ష్ కలిసి విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి చేసిన ప్రయోగాలు ప్రకటించారు. కప్పు చేతికి వచ్చినవారు దానిని అమ్మడానికి అడిగిన ధర, కప్పు లేనివారు కొనడానికి ఇస్తామన్న ధరకు సుమారు రెండింతలుంది. కప్పు అదే, ధర మారింది. కొద్ది నిమిషాలు చేతిలో ఉన్న కప్పు సంగతే ఇదైతే, 13 సంవత్సరాలు మన మధ్య తిరిగిన బండి సంగతి చెప్పనక్కరలేదు. కనుక మా బాధలో కొంత భాగం ఉత్త భ్రమేనని ఒప్పుకుంటున్నాము. జ్ఞాపకం కూడా మోసం చేస్తుంది. ఘాటు రోడ్డులో చల్లగాలి గుర్తున్నంతగా, ముసురులో తడిసిన ప్లగ్గుతో కుస్తీపట్టి ఉద్యోగానికి ఆలస్యమైన ఉదయాలు గుర్తుండవు. పొగ వాసన పట్టిన బట్టలు ఉతికినవారికి మాత్రం గుర్తున్నాయి.

కాని బాధ అంతా భ్రమే అనడం మాకు సమ్మతం కాదు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఆంగ్ల తత్వవేత్త 1965లో వ్రాసిన ఒక వ్యాసంలో మాకు పనికివచ్చిన ఆలోచన ఉంది. రెండు బాధ్యతలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఒకదానిని ఎన్నుకుంటాము. ఎన్నిక సరియైనదే కావచ్చు. అంతమాత్రాన విడిచిపెట్టినది విలువ లేనిదైపోదు. దాని శేషం మనలో మిగులుతుంది. భాగహారంలో శేషం మిగిలిందంటే లెక్క తప్పని కాదు గదా. బండి, అమ్మాయి చదువు సమానమైన బాధ్యతలని మేము అనడం లేదు. కాని తక్కువ విలువైనది విడిచినా విడిచినట్టే. బాధ రాలేదంటే ఆ 13 సంవత్సరాలలో మేము నిజంగా సంతోషించలేదని అర్థం.

అయితే ఈ బాధను మేమెలా మోశామో చెప్పకపోతే ఈ వ్యాసం సగమే నిజమవుతుంది.

2003లో ఒక పెళ్లికి ఇద్దరం 100 సి.సి. బండి మీద ఊరికి పోయాము. దారిలో బండి మెల్లగా పోయింది. అందులో దాని తప్పేమీ లేదు, అది ఊరిలో తిరగడానికి చేసిన బండి. వెనుక వచ్చిన లారీలన్నీ హారన్లు కొడుతూ దాటిపోయాయి. ఆ కోపం మనసులో పెట్టుకుని, పెళ్లివారింట భోజనాల దగ్గర పదిమందిలో బండి నడిపినవారు ఒక మాట అనేశారు. “ఈమె లెక్కల పుస్తకం వల్లనే గదా, బంగారమట్లా బండి పోయింది.” బంధువులు నవ్వారు. లెక్క వ్రాసినవారు నవ్వలేదు. విస్తరి ముందు నుండి లేవలేదు, తినలేదు కూడా.

అంతకంటె బరువైన మాట తరువాత వచ్చింది. అప్పటికి ఉద్యోగంలో చేరిన పెద్దమ్మాయి ఆ రాత్రి నెమ్మదిగా అడిగింది. “నాయనా, అది అమ్మ లెక్క వల్ల పోలేదు గదా. నా ఫీజు కోసం పోయింది. నువ్వు బాధపడినప్పుడల్లా నాకేమనిపిస్తుందో తెలుసునా? కావాలంటే నా జీతంలో మిగిల్చి పాతదొకటి కొనిస్తాను.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆరు సంవత్సరాలుగా మేము ఒక బండి కోసం బాధపడుతున్నామనుకున్నాము. మా బిడ్డ మాత్రం తానే ఆ బండికి ధర అనుకుంటూ పెరిగింది. ఇవ్వడం ఇష్టపూర్వకంగానే ఇచ్చాము. కాని ఇచ్చిన తరువాత పెట్టిన నిట్టూర్పులు, ఇచ్చినదానిని వాయిదాల మీద వెనక్కి అడిగినట్టయ్యాయి. మరునాడు తిరుగు ప్రయాణానికి ముందే అమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, “నువ్వు బండికి బదులు రాలేదమ్మా. నీకోసం మళ్లీ అమ్మాల్సి వస్తే మళ్లీ అమ్ముతాము” అని చెప్పాము. లెక్క వ్రాసినవారికి చెప్పవలసిన క్షమాపణ, పదిమందిలో అన్న మాట గనుక, ఆ పదిమందిలోనే చెప్పవలసి వచ్చింది. అది ఘాటు ఎక్కడంకంటె కష్టమైంది.

అప్పటినుండి, విడిచిపెట్టినదాని కోసం బాధ కలిగినప్పుడు మేము మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాము.

మొదటిది: నేను బాధపడుతున్నది పోయిన వస్తువు కోసమా, పోయిన వయసు కోసమా? బండి వెనక్కి వచ్చినా ట్యాంకు మీద కూర్చున్న నాలుగేళ్ల పిల్ల వెనక్కి రాదు. మా బాధలో సగం ఆ పిల్ల కోసమే.

రెండవది: ఈ బాధ ఎవరి మీదికి పోతున్నది? తనలోనే ఉండి, అప్పుడప్పుడు కంట నీరు తెప్పించి పోయే బాధ వలన ఎవరికీ హాని లేదు. దోషిని వెదికే బాధ మాత్రం ఇంట్లోనే ఒకరిని పట్టుకుంటుంది.

మూడవది: అదే పరిస్థితి మళ్లీ వస్తే వేరే విధంగా చేస్తానా? చేస్తాననుకుంటే అది తప్పు, దానినుండి నేర్చుకోవాలి. చేయననుకుంటే అది తప్పు కాదు, నష్టం మాత్రమే. నష్టానికి దుఃఖపడవచ్చు, ఎవరినీ నిందించరాదు.

ఇంకొక సంగతి. బండి ఇచ్చిన రోజున మేము దానితో ఒక్క ప్రయాణమైనా చేయలేదు. ఫోటో తీయించుకోలేదు. “ఇనుమే గదా” అని ఒకరితో ఒకరం అనుకుని, తాళంచెవి ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చేశాము. ధైర్యం చెప్పుకోవడానికి ఆ మాట అన్నాము గాని, అబద్ధం చెప్పుకుని సాగనంపినది సరిగా పోదు. మీ ఇంట్లో అలాంటిదేదైనా అమ్మవలసి వస్తే, అది బండి కానీయండి, కుట్టు మిషను కానీయండి, హార్మోనియం కానీయండి, అమ్మే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని అది ఏమిచ్చిందో చెప్పుకోండి. ఎందుకు అమ్ముతున్నామో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి. ఆ పద్దు కూడా వ్రాసుకోండి.

2022లో యెజ్డి పేరుతో మళ్లీ కొత్త బండ్లు వచ్చాయి. మా చిన్నవాడు కొంటానన్నాడు, మేమే వద్దన్నాము. ఆ తరువాత మా వీధిలో ఒక అబ్బాయి పాత రోడ్‌కింగ్ ఒకటి బాగు చేయించి తెచ్చుకున్నాడు. అడిగితే తాళంచెవి ఇచ్చాడు. మాలో బండి నడిపినవారికి మొదటి రెండు కిక్కులకు స్టార్టు కాలేదు, మోకాలు పట్టేసింది. మూడవ కిక్కుకు అందుకుంది. లెక్క వ్రాసినవారు ఏమీ అనకుండా వెనుక ఎక్కి కూర్చున్నారు. వీధి చివరి వరకు వెళ్లి, తిరిగి వచ్చి, తాళంచెవి ఇచ్చివేశాము.

“ఎట్లుందంకుల్?” అని అబ్బాయి అడిగాడు. చాలా బాగుందని చెప్పి ఇంట్లోకి వచ్చాము. ఆ సాయంకాలం అమ్మాయికి ఫోను చేసి ఈ సంగతి చెబితే పగలబడి నవ్వింది.